ఊఁ కొట్టినాయన

కరోనా మాట వస్తే చాలు, మా వరంగల్‌లో ప్రతివాళ్ల దగ్గరా ఒక కథ సిద్ధంగా ఉంటుంది. లాక్‌డౌన్ పెట్టిన రోజు తను ఏ ఊళ్లో చిక్కుకుపోయాడో ఒకాయన చెబుతాడు. రెండోసారి వచ్చినప్పుడు ఆక్సిజన్ సిలిండర్ కోసం ఎక్కడెక్కడ తిరిగాడో ఇంకొకాయన అందుకుంటాడు. పెళ్లి భోజనాల్లో కూర్చున్నా ఇదే ముచ్చట. గారె తుంచుకుంటూ చావుల సంగతి చెబుతారు. నాకు ఒళ్లు మండుతుంది. మా ఇంట్లో ఆ కథ చెప్పడానికి రాదు మరి. మా తమ్ముడు చంద్రమౌళి పోయిన రోజు మీరెక్కడున్నారని ఎవరైనా అడిగితే, ఏ రోజు గురించి అడుగుతున్నారని మేమే ఎదురు అడగాలి.

నేను మౌళికి అక్కను. హన్మకొండలో ఉంటాను. వాడి భార్య పద్మ గురించి చెప్పాలని కూర్చున్నాను కానీ, ఎక్కడ మొదలుపెట్టినా ఆ రోజు దగ్గరికే వచ్చి ఆగిపోతున్నాను.

పద్మ డోర్నకల్ పిల్ల. స్టేషన్ బయట వాళ్ల నాయనకు కిరాణా కొట్టు ఉండేది. రైళ్ల మోత మీద నుంచి మాట్లాడటం అలవాటై, కాపురానికి వచ్చిన కొత్తలో ఇంట్లో కూడా అంత గొంతుతోనే మాట్లాడేది. మా అమ్మ చెవులు మూసుకునేది. మౌళి పూర్తిగా తిరగేసిన మనిషి. వాడి నోట్లోంచి మాట రావాలంటే దుకాణంలో బేరమన్నా జరగాలి, దంతం నొప్పి అన్నా ఉండాలి. పద్మ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి జరిగిందంతా చెబుతూ ఉంటే వాడు ఊఁ కొడుతూ ఉండేవాడు. "ఎందుకే వానికి చెప్తవు, గోడకు చెప్పినా అంతే కదా" అని నేను ఎన్నిసార్లు ఆట పట్టించానో. "లేదు వదినె, మీ తమ్ముని ఊఁలల్ల రకాలుంటయ్. అవునన్న ఊఁ వేరే, వద్దన్న ఊఁ వేరే, ఆకలైతాందన్న ఊఁ వేరే. మీకు తెల్వది" అనేది. నిజమే, నాకు అన్నీ ఒక్కలాగే వినపడేవి.

వాళ్లకు బట్టల బజారు దాటాక స్టీలు సామాన్ల దుకాణం. మౌళి సామాను అమ్మేవాడు, పద్మ వాటి మీద పేర్లు కొట్టేది. పెళ్లి బిందె మీద పెళ్లికూతురి పేరు, గృహప్రవేశానికి పంచే పళ్లెం మీద ఇంటివాళ్ల పేరు. మా వైపు ఎవరన్నా పోతే దశదిన కర్మకు వచ్చినవాళ్లకు గిన్నో గ్లాసో పంచుతారు. దాని మీద పోయినవాళ్ల పేరు, పోయిన రోజు ఉండాలి. చిన్న కరెంటు మిషన్ పెన్నులా పట్టుకుని, గుర్రుమంటుంటే పద్మ ఆ పేర్లన్నీ చెక్కేది. ముందు పెన్సిలుతో గీసుకోవడం లేదు, తప్పు పోవడం లేదు. ఈ ఊళ్లో సగం ఇళ్లలో జనం ఆమె అక్షరాలున్న గ్లాసులతోనే నీళ్లు తాగుతారు. ఆ చేత్తో ఆమె కొట్టలేకపోయింది ఒక్కటే, మొగుడు పోయిన రోజు.

రెండోసారి కరోనా వచ్చిన ఏడు, ఎండాకాలం. మౌళికి జ్వరం తగ్గలేదు. దవాఖానలో చేర్చారు. ఇంటివాళ్లను లోపలికి రానివ్వలేదు. వాడి ఫోను ఏ మూల పడిపోయిందో మోగడం మానేసింది. వార్డులో పనిచేసే ఎల్లస్వామి అనే అతని నంబరు పద్మ ఎలాగో సంపాదించింది. రోజూ సాయంత్రం అతనికి ఫోన్ చేసి బెడ్డు నంబరు చెప్పేది. అతను ఆ బెడ్డు దగ్గరికి వెళ్లి మౌళి చెవి దగ్గర ఫోన్ పెట్టేవాడు. పద్మ మాట్లాడేది, వాడు వినేవాడు. ఊఁ అనే ఓపిక ఉంటే అనేవాడు.

గురువారం సాయంత్రం కూడా అలాగే మాట్లాడింది. మామిడికాయ తొక్కు పెట్టానని, మీరొచ్చాకే జాడీ మూత తీస్తానని, సింధు ఇంటర్ పరీక్షలు వాయిదా పడ్డాయని, పిల్ల రోజంతా నిద్రపోతోందని చెప్పింది. సింధు వాళ్లకు ఒక్కతే కూతురు. అటు నుంచి ఊఁ వచ్చింది. ఒకసారి కాదు, మధ్యమధ్య వచ్చింది. ఫోన్ పెట్టేసిన వెంటనే నాకు చేసింది. "వదినె, ఫికర్ చెయ్యకుండ్రి. మీ తమ్ముడు మంచిగనే ఉన్నడు. ఇయ్యాల మస్తు ఊఁ కొట్టిండు" అంది. నేనప్పుడు కూరగాయలను ఉప్పునీళ్లలో కడుగుతున్నాను. చేతులు తడిగా ఉంటే ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని విన్నాను. ఆ పూట వంకాయ కూర చేసుకుని, ఎన్నో రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. టీవీలో ఏదో పిచ్చి ప్రోగ్రాం చూసి నవ్వాను కూడా.

శుక్రవారం మధ్యాహ్నం దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది, చంద్రమౌళి పోయాడని. పద్మ, సింధు పరుగెత్తారు. బల్ల దగ్గరున్న మనిషి వివరం చెప్పాడు. గురువారం తెల్లవారుజామున పోయాడట. ఇవాళ కాదు, నిన్న సాయంత్రం తర్వాత కాదు, నిన్న తెల్లారకముందే. ఇంటికి చెప్పడంలో ఆలస్యం అయిందట. పద్మకు అర్థం కాలేదు. "నిన్న సాయంత్రం నేను మాట్లాడిన" అంది. అతనికీ అర్థం కాలేదు. "గట్ల కాదమ్మా, నిన్న పొద్దుగాలనే" అన్నాడు. "మరి నేను ఎవలతోని మాట్లాడిన?" అని పద్మ అడిగింది. వెనక ఇంకా ఎంతోమంది నిలబడి ఉన్నారు. అతను తర్వాతి పేరు పిలిచాడు.

మొహం కూడా చూడనివ్వలేదు. మున్సిపాలిటీ వాళ్లే తీసుకెళ్లి దహనం చేశారు. పద్మ ఎల్లస్వామికి ఫోన్ చేస్తే స్విచాఫ్. మర్నాడూ స్విచాఫ్. తర్వాత కూడా చాలాకాలం చేసి చూసి, విసిగి మానేసింది.

ఇక తిథి గొడవ వచ్చి పడింది. ఆ గురువారం మధ్యాహ్నం దాకా దశమి, అక్కడి నుంచి ఏకాదశి. తెల్లవారుజామున పోయాడంటే దశమి నాడు తద్దినం పెట్టాలి. సాయంత్రం మాట్లాడాడంటే ఏకాదశి. అయ్యగారు పంచాంగం మూసి, "డాక్టర్లు చెప్పిందే లెక్క, దశమే" అన్నారు. సింధు కూడా అంతే అంది. "అమ్మా, డాక్టర్లు ఎందుకు అబద్ధం చెప్తరు? నువ్వు తప్పు విన్నవేమో" అంది. పద్మ కూతురు మొహంలోకి చూసి, "ఇరవై ఏండ్లు విన్న ఊఁ నాకు తెల్వదా?" అంది. ఆ పిల్ల ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది. ఎవరి వైపు మాట్లాడాలో నాకు తెలియలేదు. నలుగురి ముందు నేను కూడా దశమే అన్నాను. అయ్యగారిని కాదని నేనేం చెప్పను? మనసులో మాత్రం ఏకాదశినే పట్టుకుని ఉన్నాను. దశమి అయితే, నేను వంకాయ కూరతో కడుపునిండా తిన్న పూటకు నా తమ్ముడు లేడు. ఆ మాట నా గొంతు దిగదు.

ఏడు తిరిగింది. కర్మనాడు పదిమందిని పిలవలేకపోయాం కాబట్టి సంవత్సరీకానికి చుట్టాలందరినీ పిలిచాం. పంచడానికి స్టీలు గిన్నెలు పద్మే కొట్టింది. చేతికొచ్చాక చూస్తే 'కీర్తిశేషులు చంద్రమౌళి జ్ఞాపకార్థం' అని ఉంది. కింద ఏమీ లేదు. తేదీ లేదు, తిథి లేదు. అందరూ గిన్నెలు తిప్పి చూడటం మొదలుపెట్టారు. మా పెద్దనాన్న కోడలు ఉండబట్టలేక, "ఏందే పద్మా, ఊరందరికి కొడ్తవు, మొగనికి తారీఖు మర్శినవా?" అంది. నాకు మంట నషాళానికి ఎక్కింది. "నచ్చకుంటె గిన్నె ఆడ వెట్టి పోరాదు" అన్నాను. ఆమె మాత్రం గిన్నె పెట్టేయలేదు, సంచిలో వేసుకునే వెళ్లింది.

అప్పట్నుంచి ప్రతి ఏడూ ఇదే తంతు. దశమినాడు పద్మ దర్భ అందిస్తే ఆమె తరఫున అయ్యగారే తద్దినం పెడతారు. ఏకాదశినాడు పద్మ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా దుకాణంలో కూర్చుంటుంది. ఒక మనిషికి రెండు చావులేమిటని నేను అడగలేదు. ఏం తేలిందని అడగను? మాట్లాడే మనిషి కాస్తా మాట తగ్గించేసింది. ఊఁ కొట్టేవాడు లేకపోతే చెప్పడం ఎవరికి? నేను అప్పుడప్పుడు మధ్యాహ్నం దుకాణానికి వెళ్లి కూర్చుంటాను. మిషన్ గుర్రుమంటుంటుంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోం.

ఈ ఏడు వానాకాలంలో ఒకరోజు అలాగే కూర్చున్నాం. తలకు తువ్వాలు చుట్టుకుని ఒకతను వచ్చాడు. వాళ్లమ్మ పోయిందట, కర్మకు గిన్నెలు కావాలన్నాడు. తల్లి పేరు సమ్మమ్మ అని చెప్పాడు. పద్మ అన్నీ అడిగి తెలుసుకుంది. పని అయ్యాక ఫోన్ చేస్తానని అతని నంబరు అడిగి, అతను చెబుతుంటే ఫోన్‌లో నొక్కింది. నొక్కడం అయ్యాక ఆ ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయింది. ఏమైందని నేను వంగి చూశాను. ఆమె ఎప్పుడో దాచుకున్న పేరు తెర మీదికి వచ్చింది. దవాఖాన ఎల్లస్వామి.

"అన్నా, నువ్వు అప్పుడు కరోనా వార్డుల చేసినవా?" అని అడిగింది పద్మ.

"చేసిన అమ్మా. తర్వాత నాకు సుత అచ్చింది. ఊరికి పోయిన. ఫోన్ పలిగింది. చాన దినాలకు గదే నంబరు మళ్ల తీస్కున్న" అన్నాడు అతను.

పద్మ కౌంటర్ దాటి బయటికి వచ్చింది. తను ఎవరో చెప్పింది. ఆ గురువారం సాయంత్రం సంగతి చెప్పింది. బెడ్డు నంబరు చెప్పింది. కిటికీ పక్కన అని అప్పట్లో అతనే చెప్పిన గుర్తు కూడా చెప్పింది. అతను తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, చాలాసేపు నేల చూశాడు. అవునమ్మా, మీ సారే మాట్లాడాడని ఒక్క ముక్క అనరా నాయనా అని నా మనసు కొట్టుకుంటోంది. అబద్ధమైనా సరే అననీ.

"అమ్మా, నాకు ఎర్కలేదు" అన్నాడు. "నేను మధ్యాహ్నం, పగటీలి డ్యూటీకి వచ్చేటోన్ని. పొద్దున ఆ బెడ్డు మీద ఉన్నాయన పగటీలికి ఉండకపోతుండె. ఒకలు పోంగనే ఇంకొకలను పండవెడ్తుండిరి. నువ్వు బెడ్డు నంబరు చెప్పినవ్, నేను ఆ బెడ్డు కాడికి పోయిన. మూతికి మాస్కు ఉంటది. ఆయన మీ సారేనో, కొత్తగ వచ్చినాయనో నాకెట్ల తెలుస్తది?"

"పేరు అడగలేదా?"

"చెప్పే ఊపిరి ఎవలకున్నదమ్మా ఆడ? చెవి కాడ పెడ్తె ఊఁ అన్నడు. మీ ఆయనే కదాని నేను పట్టుకొని నిలవడ్డ." అతను తువ్వాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు. "ఒకటి యాదికుంది. నువ్వు మాట్లాడుడైనంక ఫోన్ తీస్తాంటె, నా చెయ్యి పట్టుకున్నడు. ఇడువలేదు. ఇంక మాట్లాడియ్యమన్నట్టు చూసిండు. అవతల పెట్టేసిన్రని చెప్పిన."

పద్మ కౌంటర్ వెనక్కి వెళ్లి కూర్చుని మిషన్ అందుకుంది. అతను చూస్తుండగానే మొదటి గిన్నె మీద సమ్మమ్మ పేరు కొట్టింది. కింద తిథీ తేదీ కూడా కొట్టింది. అక్షరం ఎక్కడా వంకర పోలేదు.

అతను వెళ్లాక నేను ఊరుకోలేదు. "వాడు మౌళేనే పద్మా. చిన్నప్పటి సంది గదే అలవాటు. జ్వరమొస్తె నా చెయ్యి పట్టుకొని ఇడిసెటోడు కాదు" అన్నాను.

"చావుకాలం వస్తె ఎవలైన పట్టుకుంటరు వదినె" అంది తల ఎత్తకుండా.

"మరి నీకేమనిపిస్తాంది? మౌళేనా, కాదా?"

"మీ తమ్ముడైతే, ఇంక మాట్లాడమన్నా నేను ఫోన్ పెట్టేసిన. కాకపోతే, నా మొగనికి చెప్పాల్సిందంత ఎవలికో చెప్పిన." ఆమె గిన్నెను గుడ్డతో తుడిచింది. "రెండిట్ల ఏది నయమో మీరే చెప్పుండ్రి."

ఆ ఎల్లస్వామి రాకపోతేనే బాగుండేదనిపించింది. ఇన్నాళ్లూ ఒక చిక్కే ఉండేది. అతను వచ్చి దాన్ని రెండు చేసి వెళ్లాడు.

తర్వాత పెత్రమాస వచ్చింది. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య రోజు. ఆ పొద్దున మా వైపు పెద్దలకు బియ్యం ఇస్తారు. పోయినవాళ్లు ఒక్కొక్కరి పేరు మీద పళ్లెంలో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, రెండు కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇస్తే, ఆయన పేరూ గోత్రం చెప్పి నీళ్లు విడిపిస్తారు. మా అత్తమామల పేరు మీద ఇవ్వడానికి నేనూ పళ్లాలు తీసుకుని పద్మతో కలిసి వెళ్లాను. అయ్యగారి ఇంటి ముందు పెద్ద వరుస ఉంది. పద్మ చేతుల్లో ఒకదాని మీద ఒకటి రెండు పళ్లాలున్నాయి. మధ్యలో అరిటాకు. నేను గమనించాను కానీ, రెండోది వాళ్ల నాయన పేరు మీద కాబోలనుకున్నాను.

మౌళి పళ్లెం అయింది. అయ్యగారు రెండోది ముందుకు లాక్కుని, "ఎవరి పేరు మీదమ్మా?" అన్నారు.

"పేరు ఎర్కలేదు అయ్యగారు."

"గోత్రం?"

"అది సుత ఎర్కలేదు."

ఆయన తలెత్తి చూశారు. పద్మ మొదలుపెట్టి అంతా చెప్పింది. పాత గొంతు వచ్చింది ఆమెకు, డోర్నకల్ గొంతు. వరుసలో వాళ్లందరికీ వినపడింది. నేను కొంగు పట్టి లాగాను, ఆగలేదు. "ఎవలో ఏమో, నా మాటలు ఇన్నడు. ఆయన వాళ్లు ఆయనతోని మాట్లాడిన్రో లేదో, ఆయన పేరు మీద ఎవలన్న ఇస్తాన్రో లేదో. నేనన్న ఇస్త" అంది.

అయ్యగారు కసురుతారనుకున్నాను, కసరలేదు. "పేరు లేనివాళ్లకు విడిచే నీళ్లు ఉన్నయమ్మా, దానికి మంత్రం ఉన్నది. నాకు అది కష్టం కాదు" అన్నారు. "ఆయన పోయిండని నీకు ఎవరు చెప్పిన్రు?"

పద్మ వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

"ఆ వార్డుకు పోయినోళ్లంతా పోలేదు కదా. బాగై ఇంటికి వచ్చినోళ్లు మన గల్లీలనే ఉన్నరు. బతికున్న మనిషి పేరు మీద బియ్యం ఇయ్యద్దమ్మా, దోషం" అని ఆయన పళ్లేన్ని మళ్లీ ఆమె వైపు జరిపారు.

పద్మ ఆ పళ్లెం తీసుకుని పక్కకు వచ్చింది. నా పళ్లాలు ఇచ్చి నేను వచ్చేదాకా గోడవారన అలాగే నిలబడి ఉంది. ఆమె మొహం నాకు అంతుపట్టలేదు. ఏడుస్తోందా అంటే లేదు. ఆటో ఎక్కాక పళ్లెం ఒళ్లో పెట్టుకుని, బజారులో పోతున్న మగవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టింది.

"వదినె, ఇంత మాట నాకు ఎన్నడు తట్టలేదు" అంది.

"నాకు సుత తట్టలే" అన్నాను.

"బతికుంటె ఈ ఊళ్లనే ఉంటడు కావచ్చు. లేకుంటె ఏటూరునాగారం దిక్కు ఏ ఊరో. ఎవతో ఒకామె మొగుడు, పెండ్లాం పిల్లల కాడికి పోయే ఉంటడు."

"ఉంటడు."

"మరి ఆయన ఆ బెడ్డు మీద ఉన్నడంటె, మీ తమ్ముడు అప్పటికి లేడు కదా వదినె."

ఆమె ఎటు పోతోందో నాకు అప్పుడు తెలిసింది. వద్దే పద్మా అనాలనిపించింది. "ఎవలకు ఎర్కనే? ఇద్దరిట్ల ఎవలైన కావచ్చు" అన్నాను.

"ఎవలకు ఎర్క లేదు" అంది ఆమె. "ఎర్క లేనప్పుడు, మీ తమ్ముడే అన్కుంటె ఆ ఊఁ కొట్టినాయన పోయినట్టె. వేరే ఎవలో అన్కుంటె ఆయన ఇంక బతికుండొచ్చు. నేను ఉన్నడనే అన్కుంట వదినె. ఇగ దశమే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆటో అతను అద్దంలో చూస్తున్నాడని తెలిసినా ఆగలేదు. పద్మ నా వీపు నిమురుతోంది. మొగుణ్ణి ఒక పూట ముందే పంపించేసి, ముక్కూ మొహం తెలియని మనిషిని బతికించుకుంది. ఆమె మనసు అంత పెద్దది, ఒప్పుకుంటాను. ఇక ఏకాదశినాడు ఆమె మంచినీళ్లు తాగుతుంది, అన్నం తింటుంది. సింధు సంతోషిస్తుంది. అయ్యగారు చెప్పిందీ, డాక్టర్లు చెప్పిందీ, పద్మ చెప్పిందీ ఒక్కటవుతాయి. ఆ గురువారం సాయంత్రం మౌళి ఇంకా ఉన్నాడనేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఎవరి మొగుడో బతకాలి, నేను కాదనను. కానీ వాడు నా తమ్ముడు.